తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

పూర్వం మన ఇళ్లలో బీరువాకు, ధాన్యపు కొట్టుకు, వంటింటి అలమరకు వేరువేరు తాళాలు ఉండేవి. ఆ తాళంచెవులన్నీ ఒక గుత్తిగా ఇంటి పెద్దామె నడుమున వేలాడుతుండేవి. పిల్లలు ఇల్లంతా తిరిగేవారు, వాకిట్లో ఆడుకొనేవారు. కాని కొట్టుగది తెరవాలంటే మాత్రం అవ్వను అడగవలసిందే. పిల్లలమీద అనుమానం ఉండి ఆమె అలా చేసేది కాదు. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదీ తినవలసిన గింజలు ఒక్కరి పొరపాటువల్ల పాడుకాకూడదన్నదే ఆమె ఉద్దేశం.

నేడు మన ఇళ్లలోను, పాఠశాలల్లోను ఉన్న కంప్యూటరుకు కూడా ఇటువంటి తాళంచెవుల గుత్తి ఒకటి ఉంది. దానినే అడ్మినిస్ట్రేటర్ ఖాతా అంటారు. తెలుగులో నిర్వాహక ఖాతా అనవచ్చు. ఆ ఖాతాలోకి పోవడానికి వాడే రహస్యపదమే పాస్‌వర్డు. ఈ పాస్‌వర్డు మరచిపోతే ఏమవుతుంది? ఎవరికీ తెలియకుండా పోతే ఏం చేయాలి? అటువంటి చిక్కు రాకుండా ముందుగా ఎలా జాగ్రత్తపడాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒకే కంప్యూటరును అనేకులు వాడేటప్పుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క ఖాతా ఉంటుంది. సాధారణ ఖాతా గలవారు రాసుకోవచ్చు, బొమ్మలు గీసుకోవచ్చు, లెక్కలు చేసుకోవచ్చు, తమ పత్రాలను దాచుకోవచ్చు. కాని అందరికీ వర్తించే మార్పులు చేయలేరు. కొత్త ప్రోగ్రాములను చేర్చడం, ఉన్నవాటిని తీసివేయడం, ఇతరులకు ఖాతాలు ఇవ్వడం, వారి పాస్‌వర్డులను మార్చడం వంటి పనులు నిర్వాహక ఖాతాకే సాధ్యం. ఈ విభజన వల్ల ఒక గొప్ప మేలు ఉంది. వైరస్ వంటి దుష్ట ప్రోగ్రాము కంప్యూటరులోకి వచ్చినప్పుడు దానిని పొరపాటున తెరిచినవారికి ఎంత అధికారం ఉంటే సాధారణంగా దానికీ అంతే అధికారం చిక్కుతుంది. సాధారణ ఖాతాలో తెరిస్తే నష్టం చాలావరకు ఆ ఖాతాకే పరిమితమవుతుంది. నిర్వాహక ఖాతాలో తెరిస్తే యంత్రమంతా దాని వశమవుతుంది.

ఈ ఏర్పాటు అన్ని కంప్యూటర్లలోను మొదటినుంచీ లేదు. 1995లో వచ్చిన విండోస్ 95లో పేరు, పాస్‌వర్డు అడిగే చిన్న పెట్టె కనిపించేది. అయితే రద్దు మీటను నొక్కితే చాలు, పాస్‌వర్డు లేకుండానే లోపలికి పోవచ్చు. ఒకే మనిషి వాడుకొనే ఇంటి కంప్యూటరును దృష్టిలో పెట్టుకొని దానిని తయారుచేశారు. కార్యాలయాల కోసం 1993లోనే వెలువడిన విండోస్ ఎన్.టి.లో మాత్రం నిజమైన తాళం ఉండేది. తరువాతి కాలంలో ఇంటి కంప్యూటర్లకు కూడా ఆ పద్ధతే వచ్చింది. 2007లో సామాన్యులకు అందిన విండోస్ విస్టా నుంచి నిర్వాహకుడు సైతం ముఖ్యమైన మార్పు చేయబోయే ముందు, "ఇది మీరే చేస్తున్నారా?" అన్న అర్థంలో కంప్యూటరు ఒకసారి అడిగి నిర్ధారించుకొంటుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. తమిళనాడు సరిహద్దులోని ఒక తెలుగు బడి కథ చెబుతాను. ఆ బడిలో తెలుగు చెప్పే అయ్యవారు పిల్లలచేత ఒక మంచి పని చేయించారు. చుట్టుపక్కల ఊళ్లలోని ముసలి అవ్వల దగ్గరకు పిల్లలను పంపి తిరగలి పాటలు, ఊయల పాటలు, గొబ్బి పాటలు పాడించి రికార్డు చేయించారు. అలా కొన్నేళ్లపాటు కూడిన పాటలన్నింటినీ బడి కంప్యూటరులో భద్రపరిచారు. పాటల మధ్యలో కొందరు అవ్వలు తమ ఇంటి కష్టసుఖాలు కూడా చెప్పుకొన్నారు. ఆ మాటలు అందరి చెవినా పడకూడదని అయ్యవారు ఆ ఫోల్డరును తన నిర్వాహక ఖాతాలో గూఢలిపిలో ఉంచారు. పదవీ విరమణ చేసేటప్పుడు పాస్‌వర్డును ఒక కాగితంమీద రాసి, కవరులో పెట్టి అంటించి, ప్రధానోపాధ్యాయినికి అప్పగించారు. గూఢలిపి సంగతి కూడా ఆ కాగితంమీద రాశారు.

కొన్ని నెలలకు పాటలు అవసరమయ్యాయి. ప్రధానోపాధ్యాయిని కవరు విప్పి, కాగితంమీద ఉన్నది ఉన్నట్లు కొట్టారు. పాస్‌వర్డు తప్పు అని కంప్యూటరు చెప్పింది. మళ్లీ కొట్టారు. మళ్లీ అదే జవాబు. పలుమార్లు కొట్టిన తరువాత, కొంతసేపు ఆగి ప్రయత్నించండి అని తెరమీద వచ్చింది. అయ్యవారు దూరదేశంలో ఉన్న కొడుకు దగ్గరకు వెళ్లారు. ఫోను కలవలేదు. కంప్యూటర్లు బాగుచేసే యువకుణ్ణి పిలిపించారు. అతడు చూసి, "పది నిమిషాల పని మేడం. పాతది చెరిపేసి కొత్త పాస్‌వర్డు పెట్టేస్తాను" అన్నాడు.

"లోపలున్న పాటలు అలాగే ఉంటాయా బాబూ?" అని ఆమె అడిగారు.

"సాధారణంగా ఉంటాయి మేడం."

ఆ "సాధారణంగా" అన్న మాట ఆమెను ఆపింది. పాడిన అవ్వల్లో కొందరు అప్పటికే కాలం చేశారు. ఆ పాటలు పోతే తిరిగి పాడించడానికి వారు లేరు. "నిదానమే ప్రధానం" అనుకొని ఆమె పనిని మరునాటికి వాయిదా వేశారు.

మరునాడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తెరను పరికించి చూసి, "టీచర్, ఆ మూలన చూడండి. ఇంగ్లీషు ఉండవలసిన చోట తెలుగు అని ఉంది" అంది. విరమణకు ముందురోజు అయ్యవారు పిల్లలకు తెలుగు టైపు సులువుగా ఉండాలని కీల అమరికను తెలుగుకు మార్చారు. ఆ మార్పు పాస్‌వర్డు అడిగే తెరకు కూడా వర్తించింది. ఆ సంగతి ఆయన గమనించలేదు. అందుచేత కాగితంమీది ఇంగ్లీషు అక్షరాలను నొక్కుతుంటే లోపల తెలుగు అక్షరాలు పడుతున్నాయి. తెరమీద చుక్కలే తప్ప అక్షరాలు కనిపించవు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అమరికను ఇంగ్లీషుకు మార్చి కొట్టగానే ఖాతా తెరుచుకొంది. పాస్‌వర్డు మొదటినుంచీ సరైనదే.

మరి ఆ యువకుడు చెప్పినట్లు చేసి ఉంటే ఏమయ్యేది? ఖాతా తెరుచుకొనేది. కాని పాటల ఫోల్డరు తెరుచుకొనేది కాదు. ఎందుకో తెలియాలంటే కంప్యూటరు పాస్‌వర్డును ఎలా దాచుకొంటుందో తెలుసుకోవాలి.

కంప్యూటరులో పాస్‌వర్డును తొలిగా వాడిన వ్యవస్థలలో ఒకటి అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1961లో రూపొందింది. ఒకే పెద్ద యంత్రాన్ని అనేకులు ఒకే సమయంలో వాడుకొనే ఆ ఏర్పాటును ఫెర్నాండో కోర్బాటో అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు తయారుచేశారు. ఎవరి దస్త్రాలు వారివిగా ఉండడానికి అందులో పాస్‌వర్డులు పెట్టారు. అయితే అందరి పాస్‌వర్డులనూ ఉన్నవి ఉన్నట్లుగా ఒక జాబితాలో దాచారు. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన యంత్ర సమయం చాలక, ఉపాయంతో ఆ జాబితాను అచ్చు వేయించుకొన్నాడు. 1966లో మరొక వింత జరిగింది. రెండు దస్త్రాలు ఒకదాని స్థానంలో ఒకటి పడడంవల్ల, ఆనాటి ప్రకటన కనిపించవలసిన చోట పాస్‌వర్డుల జాబితా మొత్తం అందరికీ కనిపించింది. రహస్యాన్ని రహస్యంగానే ఒక చోట పోగుచేసి పెడితే ఎంత ప్రమాదమో అప్పుడు బోధపడింది.

తరువాతి కాలంలో దీనికి చక్కని ఉపాయం కనుగొన్నారు. తిరగలిలో బియ్యం పోసి విసిరితే పిండి వస్తుంది. ఆ పిండినుంచి మళ్లీ బియ్యపు గింజలను చేయగలమా? చేయలేము. అలాగే పాస్‌వర్డును ఒక గణిత ప్రక్రియలో పోసి విసిరి, వచ్చిన ఫలితాన్ని మాత్రమే కంప్యూటరు దాచుకొంటుంది. ఈ ప్రక్రియను హ్యాషింగ్ అంటారు. మీరు పాస్‌వర్డు కొట్టినప్పుడల్లా దానిని మళ్లీ విసురుతుంది. వచ్చిన పిండిని, తన దగ్గర ఉన్న పిండిని పోల్చుతుంది. రెండూ ఒక్కటైతే లోపలికి రానిస్తుంది. యూనిక్స్ వ్యవస్థలో ఈ పద్ధతి ఎలా ఎదిగిందో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1979లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో వివరించారు. ఇద్దరి పాస్‌వర్డు ఒక్కటే అయినా ఫలితం వేరుగా ఉండడానికి, విసిరే ముందు కొన్ని అదనపు అక్షరాలను కలుపుతారు. దానికి వారు పెట్టిన పేరు ఉప్పు!

దీనినుంచి మనం గ్రహించవలసిన సత్యం ఒకటి ఉంది. మరచిన పాస్‌వర్డును కంప్యూటరు మనకు చెప్పలేదు. ఎందుకంటే దానికే తెలియదు. సరైన మార్గాలలో చేయగలిగినదల్లా పాతదానిని తీసివేసి కొత్తది పెట్టడమే. మామూలు పత్రాలకు దీనివల్ల నష్టం లేదు. కాని విండోస్ కొన్ని రకాలలో ఫోల్డరును గూఢలిపిలో ఉంచే సౌకర్యం ఉంది. ఆ గూఢలిపిని విప్పే చెవి పాత పాస్‌వర్డుతో ముడిపడి ఉంటుంది. పాత పాస్‌వర్డును కొట్టి, మనమే కొత్తదానికి మారితే ఆ ముడి కూడా కొత్తదానికి మారుతుంది. వెలుపలినుంచి బలవంతంగా మారిస్తే ముడి తెగిపోతుంది. గూఢలిపి ధ్రువపత్రాన్ని ముందుగా వేరేచోట దాచుకొని ఉండకపోతే, పాత పాస్‌వర్డు కూడా తెలియకపోతే, ఇక ఆ పత్రాలు చదవడానికి వీలుపడదు. ఆ బడిలో పాటలకు తప్పిన గండం ఇదే.

కాబట్టి పాస్‌వర్డు చిక్కు వచ్చినప్పుడు ఒక క్రమం ప్రకారం నడవాలి. నష్టం లేని పరీక్షలు ముందు చేయాలి. వెనుకకు తీసుకోలేని పనులు చివరకు పెట్టుకోవాలి.

మొదట కీబోర్డును పరీక్షించాలి. క్యాప్స్ లాక్ వెలుగుతోందా? అది వెలిగితే చిన్న అక్షరాలు పెద్దవిగా పడతాయి. కంప్యూటరుకు అవి రెండూ వేరువేరు. అంకెలు కొట్టేటప్పుడు నమ్ లాక్ ఆగి ఉందా? భాష మారిందా? ఏదైనా మీట పాడైందా? పాస్‌వర్డు పెట్టె పక్కన కంటి బొమ్మ ఉంటే దానిని నొక్కి, పక్కన ఎవరూ లేరని చూసుకొని, పడుతున్న అక్షరాలను సరిచూసుకోవచ్చు. లినక్సులో ఆదేశాలు రాసే తెరమీద పాస్‌వర్డు కొడితే చుక్కలు కూడా కనిపించకపోవచ్చు. కీబోర్డు పనిచేయడం లేదని కొత్తవారు కంగారుపడతారు. అది దాని పద్ధతి. నిశ్చింతగా కొట్టి ఎంటర్ నొక్కాలి.

రెండవది, అడుగుతున్నది ఏమిటో గుర్తించాలి. విండోస్ రాకముందే నల్లని తెరమీద పాస్‌వర్డు అడిగితే అది నిర్వాహక ఖాతాది కాదు. యంత్రాన్ని మేల్కొలిపే బయోస్ తాళం. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో చాలావాటికి, లోపలి బిళ్ల వంటి బ్యాటరీని తెలిసినవారు కాసేపు తీసి పెడితే ఆ తాళం పోయేది. నేటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ఆ ఉపాయం పనిచేయదు. కొన్న రసీదు చూపి తయారీదారు సేవా కేంద్రంలో బాగుచేయించుకోవాలి. నలభై ఎనిమిది అంకెల సంఖ్యను అడిగితే అది బిట్‌లాకర్ అనే తాళం. అది డిస్కు మొత్తాన్ని గూఢలిపిలో ఉంచుతుంది. ఇటీవలి కంప్యూటర్లలో చాలావాటికి ఇది కొనేనాటికే అమర్చి ఉండవచ్చు. ఆ సంఖ్య మైక్రోసాఫ్ట్ ఖాతాలో గాని, ముందుగా అచ్చు తీసిన కాగితంలో గాని దొరుకుతుంది. అది ఎక్కడా లేకపోతే ఆ డిస్కులోని సమాచారంమీద ఆశ వదులుకోవలసిందే.

అలాగే పిన్ వేరు, పాస్‌వర్డు వేరు. పిన్ ఆ ఒక్క కంప్యూటరుకే చెందినది. రోజూ పిన్ కొడుతూ ఉండి అసలు పాస్‌వర్డును మరచిపోయినవారు చాలామంది ఉంటారు. పిన్ పనిచేయనప్పుడు పాస్‌వర్డుతోను, పాస్‌వర్డు గుర్తులేనప్పుడు పిన్‌తోను లోపలికి పోయే అవకాశం ఉందేమో చూసుకోవాలి.

మూడవది, ఖాతా ఏ రకానిదో తెలుసుకోవాలి. అది మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే, మరొక కంప్యూటరునుంచి గాని ఫోనునుంచి గాని ఆ సంస్థ వెబ్‌సైటులో పాస్‌వర్డును మార్చుకోవచ్చు. ఆ ఖాతాకు ఇచ్చిన ఫోను సంఖ్యకో, ఈమెయిలుకో ఒక రహస్య సంఖ్య వస్తుంది. ఆ ఫోను సంఖ్య మారిపోయి ఉంటే చిక్కు పెరుగుతుంది. కనుక సంఖ్య మారిన వెంటనే ఖాతాలో కూడా మార్చాలి. మార్పు పూర్తి అయిన తరువాత మన కంప్యూటరుకు ఇంటర్‌నెట్ తగిలించి కొత్త పాస్‌వర్డు కొట్టాలి.

అది ఆ యంత్రానికే పరిమితమైన స్థానిక ఖాతా అయితే మూడు దారులు ఉన్నాయి. 2018లో వచ్చిన మార్పుల తరువాత విండోస్ 10లో ఇటువంటి ఖాతాకు మూడు ప్రశ్నలు, వాటి జవాబులు ముందుగా ఇచ్చుకొనే వీలు కలిగింది. పాస్‌వర్డు తప్పుగా కొట్టినప్పుడు వాటిని అడిగే దారి తెరమీద కనిపిస్తుంది. ముందుగా ఒక పెన్ డ్రైవులో పాస్‌వర్డు మార్పిడి డిస్కు తయారుచేసుకొని ఉంటే అది రెండవ దారి. ఆ కంప్యూటరులో మరొక నిర్వాహక ఖాతా ఉంటే ఆయన లోపలికి వచ్చి మీకు కొత్త పాస్‌వర్డు ఇవ్వవచ్చు. ఇది మూడవ దారి. అయితే ఇది బలవంతపు మార్పు కిందికే వస్తుంది. గూఢలిపిలో ఏమైనా ఉందేమో ముందుగా విచారించుకోవాలి.

నిర్వాహక ఖాతాకు పుట్టుకతో వచ్చే పాస్‌వర్డు ఒకటి ఉంటుందని కొందరి భ్రమ. ఇంటర్‌నెట్ పంచే రౌటరు వంటి పరికరాలకు కొన్నిటికి అటువంటిది ఉంటుంది. విండోస్‌కు లేదు. అడ్మినిస్ట్రేటర్ అనే పేరుతో విండోస్‌లో సహజంగా ఉండే ఖాతా కూడా విస్టా నాటినుంచి మామూలుగా నిద్రావస్థలోనే ఉంటుంది. దానిని లేపాలన్నా ముందు నిర్వాహకుడి అధికారం కావాలి.

లినక్సులో పెద్ద అధికారికి రూట్ అని పేరు. ఉబుంటు వంటి రకాలలో కంప్యూటరును మొదట అమర్చినవారు తమ పాస్‌వర్డుతోనే రూట్ అధికారాన్ని అవసరమైనప్పుడు వాడుకొంటారు. దానిని మరచిపోతే, యంత్రం ముందు కూర్చొన్నవారు పునరుద్ధరణ పద్ధతిలో దానిని తెరిచి కొత్త పాస్‌వర్డు పెట్టుకోవచ్చు. డిస్కు మొత్తం గూఢలిపిలో ఉంటే మాత్రం ఇది సాగదు. దీనినుంచి ఇంకొక సంగతి తెలుస్తుంది. యంత్రం ఎవరి చేతికైనా చిక్కితే పాస్‌వర్డు ఒక్కటే దానిని కాపాడలేదు. కంప్యూటరు గది తలుపుకు వేసే తాళం కూడా అంతే ముఖ్యం.

ఈ దారులన్నీ మూసుకొంటే మిగిలినది విండోస్‌ను మొదటినుంచి మళ్లీ అమర్చడం. దానికి ముందు, డిస్కు గూఢలిపిలో లేకపోతే, తెలిసినవారిచేత ఆ డిస్కును మరొక కంప్యూటరుకు తగిలించి పత్రాలకు నకలు తీయించుకోవాలి. నకలు తీయకుండా ఈ పనికి పూనుకోరాదు. పాస్‌వర్డును చిటికెలో విడగొడతామని చెప్పే ప్రోగ్రాములను ఎక్కడినుంచో తెచ్చి వాడరాదు. తాళం తీయడానికి వచ్చిన దొంగకు ఇల్లు అప్పగించినట్లు అవుతుంది. "మీ కంప్యూటరు చెడిపోయింది, పాస్‌వర్డు చెప్పండి, బాగుచేస్తాం" అని ఫోను చేసేవారిని అసలే నమ్మరాదు.

ఇక్కడ న్యాయం మాట కూడా చెప్పుకోవాలి. ఇంతవరకు చెప్పిన పద్ధతులన్నీ మన కంప్యూటరుకు, లేదా ఎవరి బాధ్యతలో ఉందో వారి అనుమతి పొందిన కంప్యూటరుకు మాత్రమే వర్తిస్తాయి. బడి కంప్యూటరు అయితే ప్రధానోపాధ్యాయుల అనుమతి ఉండాలి. మోసపూరితంగా ఇతరుల పాస్‌వర్డును వాడడం మన దేశంలో నేరం. సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చింది. దానికి 2008లో చేసిన సవరణ ద్వారా చేరిన 66-సి విభాగం ప్రకారం ఇటువంటి నేరానికి మూడేళ్ల వరకు జైలు శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. స్నేహితుని పాస్‌వర్డు ఊహించి అతని ఖాతా తెరవడం సరదా కాదు.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మొదలుపెట్టినట్లు కాకుండా, చిక్కు రాకముందే జాగ్రత్తపడడం వివేకం. మొదటిది, బడి వంటి చోట నిర్వాహక ఖాతాలు రెండు ఉండాలి. అవి ఇద్దరు బాధ్యతగల వ్యక్తుల దగ్గర ఉండాలి. ఒక్కరికే తెలిస్తే వారు బదిలీ అయిన నాడు బడి చేతులు కట్టుకొని కూర్చోవలసి వస్తుంది. అందరికీ తెలిస్తే అది రహస్యమే కాదు. రోజూ పనికి మాత్రం ఇద్దరూ సాధారణ ఖాతానే వాడాలి.

రెండవది, పాస్‌వర్డును తెరకు అంటించిన చీటీమీద కాక, కవరులో పెట్టి ముద్రవేసి బీరువాలో ఉంచాలి. దానితోపాటు ఖాతా ఏ రకానిదో, కీల అమరిక ఏ భాషదో, గూఢలిపి ఉన్నదో లేదో, ఆ నలభై ఎనిమిది అంకెల సంఖ్య ఉంటే అది ఏదో రాసిపెట్టాలి. పదవి మారేటప్పుడు పాతవారు, కొత్తవారు కలిసి కూర్చొని, కాగితంమీద ఉన్నది కొట్టి, ఖాతా తెరుచుకొన్నదని కళ్లారా చూసుకోవాలి. తరువాత కొత్తవారు పాత పాస్‌వర్డుతో లోపలికి వచ్చి తమ పాస్‌వర్డును పెట్టుకోవాలి. ఆ అయ్యవారు కాగితం రాసిచ్చారు గాని, ఈ చివరి పరీక్ష చేయలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మూడవది, పాస్‌వర్డు పొడవుగా ఉండాలి. నాలుగు అంకెల పాస్‌వర్డులు మొత్తం పదివేలే ఉంటాయి. ఇంగ్లీషు చిన్న అక్షరాలు ఎనిమిదింటితో చేయగలిగినవి సుమారు ఇరవై వేల ఎనిమిది వందల ఎనభై కోట్లు. మరో నాలుగు అక్షరాలు చేర్చితే ఆ సంఖ్య ఇంకా 4,56,976 రెట్లు పెరుగుతుంది. కనుక ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో వరుసగా రాస్తే గుర్తుంచుకోవడం సులభం, ఊహించడం కష్టం. మన పేరు, పుట్టినతేదీ, ఊరి పేరు వాడరాదు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 2017లో ఇచ్చిన సూచనలు కూడా పొడవుకే ప్రాధాన్యం ఇచ్చాయి. బయటపడిందన్న అనుమానం లేనప్పుడు ఊరికే నెలనెలా మార్పించవద్దని చెప్పాయి. తరచు మార్చవలసి వస్తే జనం తేలికైనవి పెట్టుకొంటారు, లేదా మరచిపోతారు.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది. విలువైన సమాచారానికి నకళ్లు వేరే చోట్ల ఉండాలి. కంప్యూటరులో ఒకటి, విడి డిస్కులో ఒకటి, వేరే భవనంలో ఒకటి ఉంటే మంచిది. తాళంచెవి పోతే తాళాన్ని మార్చుకోవచ్చు. లోపలి వస్తువు పోతే తిరిగి రాదు.

ఆ తెలుగు బడిలో ఖాతా తెరుచుకొన్ననాడు ప్రధానోపాధ్యాయిని మొట్టమొదట చేసిన పని పాటలకు నకళ్లు తీయించడం. తరువాత ఇంకొక ఉపాధ్యాయునికి రెండవ నిర్వాహక ఖాతా ఇచ్చారు. తాళంచెవుల రిజిస్టరులో, బీరువా తాళం, ప్రయోగశాల తాళం వరుసలో, కంప్యూటరు పేరును కూడా చేర్చారు. కవరులోని కాగితం చివర "కీల అమరిక: ఇంగ్లీషు" అని రాసిపెట్టారు. ఇవన్నీ అయిన తరువాత పిల్లలను కూర్చోబెట్టి ఒక తిరగలి పాట వినిపించారు. పాడిన అవ్వ మునిమనుమరాలు ఆ తరగతిలోనే ఉంది. తాను పుట్టకముందే పోయిన ఆ అవ్వ గొంతును ఆ అమ్మాయి ఆనాడే మొదటిసారి విన్నది.